సముద్రం చూడకుండానే ఓడెక్కాను



మన లైబ్రరీ బీరువాలో 'ట్రెజర్ ఐలాండ్' అనే ఇంగ్లీషు నవల ఉంది. పోయిన ఏడాది దాన్ని తీసుకున్నాను. కథలో ఓడ బయలుదేరింది, నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు "చదివావా?" అని సారు అడిగారు. "చదివాను సార్" అన్నాను. అది అబద్ధం. అది నా మనసులో ముల్లులా ఉండిపోయింది. ఈ ఏడు మళ్లీ తీసుకొని చివరిదాకా చదివాను. ఎలా చదవగలిగానో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు పుస్తకం గురించి నాలుగు మాటలు. దీన్ని రాసింది స్కాట్లాండుకు చెందిన రాబర్ట్ లూయీ స్టీవెన్సన్. 1881లో వానలు విడవకుండా కురుస్తుంటే ఆయన తన భార్య కొడుకైన ఒక పిల్లవాడితో ఇంట్లో కూర్చొని ఒక దీవి పటం గీశాడు. ఆ పటంలోంచే కథ పుట్టింది. మొదట పిల్లల పత్రికలో సీరియల్‌గా వచ్చి, 1883లో పుస్తకమైంది. జిమ్ అనే కుర్రాడు నిధి కోసం హిస్పానియోలా అనే తెరచాప ఓడలో పోతాడు. ఆ ఓడలో వంటవాడు ఒంటికాలి సిల్వర్. అసలు వాడు సముద్రపు దొంగ!

ఇక మాటల సంగతి. నేను చేసిన మొదటి పని, నోటుబుక్కు వెనక పేజీలో ఓడ బొమ్మ గీయడం. కొత్త మాట వచ్చినప్పుడల్లా దాన్ని ఓడలో ఎక్కడ ఉంటుందో అక్కడే రాశాను. ఓడ ముందుభాగం 'బౌ'. వెనకభాగం 'స్టెర్న్'. తెరచాప కట్టే పొడవాటి కొయ్య 'మాస్ట్'. వంటగది 'గ్యాలీ'. కిచెన్ అంటే సరిపోదా అనుకున్నాను. ఓడలో దాని పేరు అంతే.

ఎడమ, కుడి అనడానికి కూడా వేరే మాటలున్నాయి. ఎడమ 'పోర్ట్', కుడి 'స్టార్‌బోర్డ్'. ఎందుకీ తంటా? ఓడలో ఒకడు ముందుకు చూస్తుంటాడు, ఇంకొకడు వెనక్కు తిరిగి తాడు లాగుతుంటాడు. "ఎడమవైపు చూడు" అంటే ఇద్దరూ చెరో పక్క చూస్తారు! అందుకే మనిషి ఎటు తిరిగినా మారని పేర్లు పెట్టుకున్నారు. మన గోదావరి చూడండి. నీళ్లు పోయే వైపు ముఖం పెట్టి నిలబడితే భద్రాచలం ఎడమ గట్టున ఉంటుంది. మనం వెనక్కు తిరిగినా అది ఎడమ గట్టే కదా! ఇదీ అంతే.

'ఫాదమ్' అనే మాట నన్ను బాగా భయపెట్టింది. తీరా చూస్తే అది మన బార! రెండు చేతులూ చాపితే ఎంతో అంత. ఆరు అడుగులు. మనం బావి తాడును బారల్లో కొలిచినట్టే వాళ్లు సముద్రం లోతును కొలిచారు. 'నాట్' అంటే ముడి. సమానదూరంలో ముడులు వేసిన తాడుకు చెక్క కట్టి నీళ్లలో వదిలేవారు. ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోగా ఎన్ని ముడులు చేయి దాటిపోతే అంత వేగం. ఇప్పటి లెక్కలో ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. 'కోరకిల్' అంటే కృష్ణా, తుంగభద్రల్లో తిరిగే పుట్టి లాంటిదే. కథలోని పుట్టికి మేకతోలు కప్పి ఉంటుంది.

ఈ మాటలు తెలియకపోతే ఏం పోతుంది అంటారా? ఒక చోటు చెబుతాను. రాత్రిపూట జిమ్ ఆ పుట్టిలో పోయి ఓడ లంగరు తాడు కోయాలి. కత్తి తీశాడు కానీ కోయడు, ఆగుతాడు! పోయినేడు ఈ పేజీ చదివి ఉంటే పిరికివాడనుకునేవాణ్ణి. సంగతేమిటంటే, అప్పుడు ఆటు. నీళ్లు సముద్రంలోకి లాగుతున్నాయి. లంగరేమో ఓడను వదలదు. తాడు బిర్రుగా ఉంది. గింజుకునే ఎద్దు పలుపును ఒక్కసారి తెంపితే పక్కనున్నవాడు ఏమవుతాడు? అందుకే గాలి మారి తాడు వదులయ్యేదాకా ఆగి, కొన్ని పోగులు కోసి, మళ్లీ వదులయ్యాక మిగతావి కోస్తాడు. ఆటు, లంగరు, బిగువు – ఈ మూడు మాటలు తెలిస్తే గుండె దడదడలాడుతుంది. తెలియకపోతే నిద్ర వస్తుంది.

కథకు సంబంధించిన మాటలు కూడా కొన్ని కావాలి. కథను చెప్పేవాణ్ణి 'కథకుడు' అంటారు. ఇందులో కథకుడు జిమ్. కానీ 16వ అధ్యాయంలో హఠాత్తుగా డాక్టరు "నేను" అంటూ మొదలుపెడతాడు. బైండింగులో పేజీలు తారుమారయ్యాయనుకున్నాను! కాదు. అప్పుడు జిమ్ దీవిలో వేరేచోట ఉన్నాడు. అతను చూడనిది అతనెలా చెబుతాడు? అందుకే 18వ అధ్యాయం వరకు డాక్టరు చెబుతాడు. హీరోకు ఎదురు నిలిచేవాడు 'ప్రతినాయకుడు'. సిల్వర్ అలాంటివాడే, కానీ జిమ్‌ను ప్రేమగానూ చూస్తాడు. వాణ్ణి పూర్తిగా తిట్టుకోలేం, నమ్మలేం.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ప్రతి మాటకూ డిక్షనరీ తీయకండి. విసుగొస్తుంది. మూడుసార్లు కనబడిన మాటకే తీయండి. బొమ్మ గీయండి. మన ఊళ్లో అలాంటిది ఏముందో వెతకండి.

మా ఇంట్లో కోయమాట. ఒకటో తరగతిలో తెలుగు వాచకం కూడా నాకు సముద్రంలాగే ఉండేది. కిటికీని ముట్టుకొని కిటికీ అన్నాను, బల్లను ముట్టుకొని బల్ల అన్నాను. అలాగే వచ్చింది. మనలో చాలామంది "నాకు బుర్ర లేదు" అని పుస్తకం మూసేస్తారు. లేనిది బుర్ర కాదు. ఆ వస్తువు పేరు మనకింకా తెలియదు, అంతే.

పుస్తకం ఇచ్చేటప్పుడు సారుకు పోయినేటి అబద్ధం చెప్పేశాను. ఆయన తిట్టలేదు. "అయితే గోడపత్రికకు రాయి" అన్నారు. రాశాను. పుస్తకం ఇప్పుడు బీరువాలో రెండో అరలో ఉంది. ఎవరు తీసుకుంటారు?

– పదో తరగతి విద్యార్థి