యుద్ధమునుండి మరలివచ్చిన సైనికుడు



నేను ముప్పదియైదు సంవత్సరములు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. వైద్యుడను గాను, సైనికుడను గాను. అయినను ఈ సాయంకాలము యుద్ధమును, వ్యాధిని, నేరమును మూడింటిని స్పృశించు విషయమొకటి మీ యెదుట నుంచుటకు సాహసించుచున్నాను. అందులకు కారణము నావలన జరిగిన యొక పొరపాటు. ముందుగా దానిని మనవి చేసి, పిమ్మట విషయములోనికి వచ్చెదను.

నా శిష్యుడొకడు సైన్యములో చేరి, 1999వ సంవత్సరమున కార్గిల్ కొండలలో జరిగిన యుద్ధమున పాల్గొనెను. కొన్ని యేండ్లకు కొలువు ముగించుకొని వాడు ఇల్లు చేరిన దినమున ఊరివారమెల్లరము మేళతాళములతో ఎదురేగి, పూలదండలు వేసి ఊరేగించితిమి. ఆరు నెలలు గడచునప్పటికి వాడు బ్రాందీ దుకాణమునకు అలవాటుపడెను. ఆ యేటి దీపావళి రాత్రి పిల్లలు సీమటపాకాయల సరము అంటింపగానే గభాలున నేలమీద పడి తలపై చేతులు కప్పుకొనెను. చూచినవారు నవ్విరి. మరికొన్నాళ్లకు వాడు త్రాగియుండి సొంత అన్నగారిని కర్రతో కొట్టగా పోలీసులు వచ్చిరి. రచ్చబండకడ పదిమంది యెదుట నేను వానిని, “దేశసేవ చేసి వచ్చినవాడివి, సిగ్గులేదుట్రా?” అని మందలించితిని. వాడు తల వంచుకొని, “రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదండి మాస్టారూ” అని మాత్రము అనెను. ఆ మాటను నేను సాకుగా తలచితిని. అది సాకు గాదు, వ్యాధిలక్షణము. ఆ సంగతి గ్రహించుటకు నాకు చాల యేండ్లు పట్టినది.

ఈ వ్యాధి నేడు పుట్టినది కాదు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున, ఒంటిపై గాయమైనను లేకయే కొందరు సైనికులు వణకుచు, మాట పడిపోయి, చూపు మందగించి ఆసుపత్రులకు చేరుచుండిరి. 1915వ సంవత్సరమున చార్లెస్ మయర్సు అను ఆంగ్ల వైద్యుడు ఒక వైద్యపత్రికలో ఈ స్థితినిగూర్చి వ్రాయుచు ‘షెల్ షాక్’ అను పేరు వాడెను. ఫిరంగిగుండ్లు దాపున ప్రేలుటవలన కలుగు అదురు అని దాని భావము. గుండ్లు ప్రేలని తావున నున్నవారికిని ఇది కలుగుచున్నదని తరువాత తెలిసెను. కాని ఆ కాలమున సైన్యాధికారులలో పలువురు దీనిని పిరికితనముగా నెంచిరి. ఆ యుద్ధమున పారిపోయిరనియు, పిరికివారనియు, మరి యితర నేరములు మోపియు బ్రిటిషు సైన్యమువారు కాల్చి చంపించిన తమ సైనికులలో 306 మందికి ఆ దేశపు పార్లమెంటు 2006వ సంవత్సరమున క్షమాపణ శాసనము చేసెను. వారిలో కొందరు ఈ వ్యాధిచే పీడితులై యుండిరని పెక్కుమంది విశ్వసించిరి. మరణించిన తొంబదియేండ్లకు వచ్చిన క్షమాపణ అది!

1980వ సంవత్సరమున అమెరికా మనోవైద్యులు తమ వ్యాధుల పట్టికలో దీనికి ‘పోస్టు ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్’ అను పేర స్థానమిచ్చిరి. ఘోరమైన యనుభవము గడచిన పిదప మనస్సును పట్టి పీడించు వ్యాధి యని దాని తాత్పర్యము. ఇది సైనికులకే గాక, ఉప్పెనలలోను, దొమ్మీలలోను, ఘోర ప్రమాదములలోను చిక్కి బయటపడిన వారికిని కలుగవచ్చును.

ఇది యెట్లు కలుగునో మనకు తెలిసిన పోలికతో చెప్పెదను. పంట చేతికి వచ్చు దినములలో మంచెమీద కావలివాడుండును. ఆకు కదలినను వాడు లేచి కేకవేయును. మన మెదడులో నట్టి కావలివాడొకడున్నాడు. ఆపద తోచిన తోడనే వాడు గుండెవేగము హెచ్చించి, కండరములు బిగించి, నిద్రను తరిమివేయును. రణభూమిలో వాని కేకకు లోబడినవాడే బ్రదికి బయటపడును. కొందరి విషయమున పంట ఇల్లు చేరినను ఆ కావలివాడు మంచె దిగడు. తలుపు చప్పుడైనను శత్రువే యనును. జరిగిపోయిన ఘోరమును స్వప్నములలో మరల మరల చూపును. అట్టివాడు నిద్రకు జడియును, గుంపునకు జడియును; భార్యాబిడ్డల నడుమ నుండియు ఒంటరివాడగును. చిన్న మాటకే కోపము పొంగును. ఇది తలచి చేయుపని గాదు.

అట్టివానికి మద్యము మొదట అమృతమువలె తోచును. రెండు గుటకలు పడగానే కావలివాని నోరు మూతపడును; నిద్ర వచ్చును. కాని మద్యము తెచ్చు నిద్ర సరియైన నిద్ర గాదు. దాని మత్తు దిగువేళ ఉలికిపాటు మునుపటికంటె హెచ్చగును. దానిని అణచుటకు మరికొంత కావలసివచ్చును. ఇట్లు వ్యాధికి మందనుకొన్నది రెండవ వ్యాధియై కూర్చుండును.

ఈ త్రోవ ఎంతదూరము పోగలదో తెలుపుటకు, అమెరికా దేశమున జరిగి లోకమునకు తెలిసిన వృత్తాంతమొకటి కలదు. నికో వాకర్ అను యువకుడు ఆ దేశపు సైన్యములో చేరి 2005, 2006 సంవత్సరములలో ఇరాకు యుద్ధభూమిలో వైద్యసహాయకుడుగా పనిచేసెను. అతడు రెండు వందలకు పైగా దాడులకు, గస్తీలకు వెళ్లినవాడు. గాయపడినవారికి కట్లు కట్టుట, కాలిపోయిన తోటివారి దేహములను ఎత్తుట అతని పని. పతకములతో ఇల్లు చేరెను. చేరిన పిదప నిద్ర పట్టలేదు; పీడకలలు విడువలేదు. మొదట నొప్పి నివారణకై వైద్యులు వాడు బిళ్లలకును, పిదప నల్లమందు జాతికి చెందిన హెరాయినుకును అలవాటుపడెను. అది వెలగల వ్యసనము. చేతిలోని ధనము చెల్లిపోగా 2010వ సంవత్సరము డిసెంబరు మొదలు మరుసటి యేప్రిలు వరకు క్లీవ్‌లాండు నగర ప్రాంతమున పది బ్యాంకులను దోచి పట్టుబడెను. 2012వ సంవత్సరమున న్యాయస్థానము అతనికి 11 సంవత్సరముల కారాగారశిక్ష విధించెను.

ఇందు నా మనస్సును కలచిన యంశమొకటి కలదు. అతనికి ఈ యుద్ధవ్యాధి కలదని వైద్యులు నిర్ణయించినది అతడు పట్టుబడిన తరువాత! అంతకుముందు ఇంచుమించు అయిదేండ్లు ఆ వ్యాధికి పేరు పెట్టినవారు లేరు. చెరలోనుండియే అతడు ‘చెర్రీ’ అను నవల వ్రాసెను. అది 2018వ సంవత్సరమున ప్రకటితమై, 2021లో చలనచిత్రమైనది. ఆ పుస్తకమువలన వచ్చిన ధనములోనుండి తాను దోచిన బ్యాంకుల బాకీ తీర్చెననియు వార్త. 2019వ సంవత్సరమున చెర విడిచి వచ్చెను.

వ్యాధి యున్నంతమాత్రమున నేరము నేరము కాకపోదు. బ్యాంకులో కిటికీవెనుక కూర్చుండిన గుమాస్తా అబల యే యుద్ధమునకును పోలేదు. తుపాకి చూచి ఆమె పొందిన భయము ఆమె జీవితములో మరియొక గాయము. ఆమెకు న్యాయము జరుగవలసినదే. మరియొక సంగతియు మరువరాదు. యుద్ధమునుండి వచ్చినవారిలో అత్యధికులు ఏ నేరమును చేయక, పొలము దున్నుకొనుచు, బిడ్డలను చదివించుకొనుచు గౌరవముగా బ్రదుకుచున్నారు. మాజీ సైనికుని చూచి అనుమానింపుడని నేను చెప్పుట లేదు. నేరము జరుగకముందు మనము చేయదగిన పని యున్నదని మాత్రమే చెప్పుచున్నాను.

ఆ పని యేదియో వియత్నాము యుద్ధకాలపు పరిశోధనయొకటి సూచించుచున్నది. ఆ యుద్ధమునకు పోయిన అమెరికా సైనికులలో అనేకులు అక్కడ హెరాయిను పాలగుచున్నారని 1971వ సంవత్సరమున ఆ దేశమంతయు కలవరపడెను. లీ రాబిన్సు అను విదుషీమణి ఆ యేడు మరలివచ్చిన సైనికులను వెదకి విచారించెను. అక్కడ నుండగా ఇంచుమించు అయిదుగురిలో నొకరు ఆ మందునకు బానిసలైరి. వీరందరును జన్మాంతము బానిసలే యగుదురని లోకము భయపడెను. కాని అట్లు బానిసలైనవారిలో ఇల్లు చేరిన తొలి సంవత్సరమున మరల ఆ స్థితికి దిగినవారు నూటికి 5గురు మాత్రమే! చోటు మారెను, చుట్టునున్నవారు మారిరి, చేయు పని మారెను. మందు సులభముగా దొరకు తావు దూరమయ్యెను. పెక్కుమందికి వ్యసనము విడిపోయెను. వ్యసనము మనిషిలోనే కాదు, మనిషి చుట్టును కూడ నుండునని దీనివలన తెలియుచున్నది. ఇంటికి వచ్చిన పిదప వ్యసనము పట్టుకొన్న వాకర్ వంటివారి కష్టము దీనికి తలక్రిందు. వారికి ఇల్లే యుద్ధభూమియైనది.

ఇది మన పెద్దలకు తెలియనిది కాదు. భారతమును తిక్కనగారి తెలుగున చదివినవారు మీలో చాలమంది యుందురు. యుద్ధము ముగిసిన రాత్రి ముగ్గురు వీరులు మఱ్ఱిచెట్టు క్రింద చేరిరి. కృపుడు నిద్రించెను, కృతవర్మ నిద్రించెను. తండ్రిని అబద్ధపు మాటచే పోగొట్టుకొన్న అశ్వత్థామకు మాత్రము నిద్ర రాలేదు. చెట్టుమీద నిదురించు కాకులను గుడ్లగూబ చంపుట చూచెను. కృపుడు మేల్కొని, తెల్లవారనిమ్ము, పెద్దలను అడిగి చేయుదము అని హితవు పలికెను. ఆ మాట వినక అతడు నిద్రించువారిని వధించెను. నిద్రలేని యొక్క రాత్రి ఎంతటి వీరుని ఎంతటి పాతకమునకు దింపెనో చూడుడు. ఆ యుద్ధమునే చూచిన ధర్మరాజును దుఃఖముతో కుంగెను. రాజ్యము వలదు, అడవికి పోయెదననెను. కాని అతని చుట్టును తమ్ములు చేరిరి, ద్రౌపది చేరెను, వ్యాసుడు, శ్రీకృష్ణుడు చేరిరి. అంపశయ్యమీది భీష్ముని కడకు కొనిపోయిరి. శాంతిపర్వమంతయు ఏమి? దుఃఖించు నొక యోధుని విడువక మాటలాడిన మాటలే గదా. ఆ మాటలకు వ్యాసభగవానుడు మిక్కిలి చోటు ఇచ్చెను.

నేటి వైద్యమును ఆ త్రోవనే నడచుచున్నది. అనుభవము గల వైద్యుని యెదుట, రోగి తాను చూచిన ఘోరమును కొద్దికొద్దిగా చెప్పుకొని, దాని భయమును అణచుకొను మాటల చికిత్స యొకటి. అవసరమైనచో మందులు గలవు. త్రాగుడు మాన్పించు వైద్యము దానితోపాటు జరుగవలయును. అమెరికాలోని బఫలో నగరమున 2008వ సంవత్సరమున రాబర్టు రస్సెల్ అను న్యాయాధిపతి మాజీ సైనికుల కొరకు ప్రత్యేక న్యాయస్థానము నెలకొల్పెను. నేరము మోపబడిన సైనికుని అక్కడ చెరకు పంపుటకు బదులు చికిత్సకు పంపుదురు. తరచు న్యాయస్థానమునకు పిలిచి విచారింతురు. సైన్యములో పనిచేసిన మరియొకనిని అతనికి తోడుగా నుంచుదురు. ఆ తోడు అన్నది వారు కనిపెట్టిన మేలైన యౌషధమని నా తలంపు.

మన తెలుగునేలయందును తరతరములుగా సైనికులను పంపుచున్న గ్రామములు గలవు. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరమునకు ‘మిలటరీ మాధవరము’ అనియే పేరు. అందువలన ఈ విషయము మన రచ్చబండకు దూరమైనది గాదు. గ్రామ పెద్దలు చేయదగినవి కొన్ని విన్నవించెదను.

మరలివచ్చినవాడు నిద్ర పట్టుట లేదన్నచో దానిని జ్వరమన్నంత గట్టిగా వినుడు. యుద్ధములో ఎందరిని చంపితివని వేడుకకు అడుగకుడు, పిల్లలను అడుగనీయకుడు. తానై చెప్పినపుడు నడుమ అడ్డుపడక వినుడు. పండుగనాడు అతని యింటిప్రక్క టపాకాయలు కాల్పకుండ చూడుడు. చెరువుపని, సహకార సంఘము, గ్రంథాలయము ఏదో యొక బాధ్యత అతనికి అప్పగింపుడు. త్రాగి ఇంటివారిని కొట్టినచో దానిని దాచకుడు. ముందు ఇంటివారిని కాపాడుడు, వెంటనే అతనిని వైద్యునికడకు చేర్చుడు. ఈ రెండింటిలో నొకటి చేసి రెండవది మానరాదు. మాజీ సైనికులకు 2003వ సంవత్సరమునుండి ప్రత్యేక ఆరోగ్య పథకమును, జిల్లా కేంద్రములందు సైనిక సంక్షేమ కార్యాలయములును కలవు. ఎవరికైనను 2022వ సంవత్సరమున భారత ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ అను సహాయము కలదు. 14416 అను సంఖ్యకు టెలిఫోను చేసినచో రేయింబవళ్లు తెలుగులోనే మాటలాడి ఉచితముగా సలహా పొందవచ్చును. చనిపోవుదునని అన్నవానిని ఒంటరిగా విడువకుడు.

నా శిష్యుని సంగతి చెప్పి ముగించెదను. వాని అన్నగారే, తల పగిలిన యన్నగారే, వానిని పట్టణమునకు కొనిపోయి వైద్యము చేయించెను. రెండేండ్లు పట్టినది. నడుమ రెండుమార్లు త్రాగుడు తిరుగబెట్టెను. ఇప్పుడు వాడు నిమ్మతోట పెంచుచున్నాడు. పూర్తిగా నయమైనదని చెప్పజాలను. దీపావళినాడు నేటికిని తోటలోని పాకకే పోవును. కొన్నియేండ్లుగా ఆ రాత్రి నేనును అక్కడికే పోవుచున్నాను. మేమంతగా మాటలాడుకొనము. మొదటిసారి పోయినపుడు, రచ్చబండకడ నే నన్న మాటకు క్షమింపుమని అడిగితిని. “మీరడిగారు, అంతే చాలండి మాస్టారూ” అనెను.

ఊరేగింపుకు మనము వందలమందిమి పోయితిమి. ఆ తరువాతి రాత్రులకు ఒక్కడైనను పోవలసియుండెను. మీ యూరిలో నట్టి గుమ్మమేదైన నున్నచో, రేపటి సాయంకాలము ఒకసారి పోయి పలుకరింపుడని వేడుచు సెలవు గైకొనుచున్నాను.