పిక్నిక్‌కి చిన్న సిలిండర్ తీసుకెళ్తున్నారా? బండిలో పెట్టే ముందు ఇది చదవండి

సెలవు రోజు వచ్చిందంటే అమీర్‌పేట, పంజగుట్ట గల్లీల్లో పొద్దున్నే బండ్లు నిండుతుంటాయి. ఒక కుటుంబం నియాజ్ వండడానికి కొత్తూరు దగ్గరి జహంగీర్ పీర్ దర్గాకు, ఇంకో కుటుంబం టెంట్లు వేసుకుని ఉండడానికి అనంతగిరి కొండలకు. డేక్సా, బియ్యం సంచి, చాపలు, వాటి మధ్య ఒక చిన్న గ్యాస్ సిలిండర్. "ఒక్క పూట వంటే కదా, ఏం కాదులే" అంటారు ఇంట్లో పెద్దవాళ్లు.

అసలు ఆ సిలిండర్ ఎక్కడ నింపించారు? ఇండియన్ ఆయిల్ కంపెనీ 'ఛోటూ' పేరుతో 5 కిలోల సిలిండర్ అమ్ముతోంది. అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదు, ఒక గుర్తింపు కార్డు చాలు. ధర ఎక్కువని, ఆలస్యమని చాలామంది గల్లీలో నింపించుకుంటారు. హాస్టళ్లు ఎక్కువున్న చోట ఇది మామూలైపోయింది. 14.2 కిలోల ఇంటి సిలిండర్‌ని తలకిందులుగా పెట్టి, పైపుతో చిన్నదానిలోకి దించేస్తారు. ఇది చట్టవిరుద్ధం. కానీ పోలీసుల భయం కన్నా పెద్ద భయం ఇంకొకటుంది. సిలిండర్‌లో గ్యాస్ ద్రవంగా ఉంటుంది, వేడికి ఉబ్బుతుంది. అందుకే కంపెనీ వాళ్లు పైన సుమారు 15 నుంచి 20 శాతం జాగా ఖాళీగా వదులుతారు. గల్లీలో నింపేవాడు తూకం వేయడు, గొంతుదాకా నింపుతాడు. మే నెల ఎండలో మూసిన డిక్కీలో ఆ ద్రవానికి ఉబ్బే చోటుండదు. ఖాళీ సిలిండర్ బరువు దాని మీదే రాసి ఉంటుంది. దానికి 5 కిలోలు కలపండి. తూకంలో అంతకన్నా ఎక్కువొస్తే ఆ సిలిండర్ బండెక్కకూడదు.

పైన పట్టీ లోపలివైపు ఎ, బి, సి, డి లలో ఒక అక్షరం, పక్కన సంవత్సరం ఉంటాయి. 'సి 27' అంటే 2027 సెప్టెంబరు లోపు మళ్లీ పరీక్ష చేయించాలని. గడువు దాటినదాన్ని తీసుకోకండి.

ఇక ప్రయాణం. వంట గ్యాస్ గాలికన్నా బరువు. లీకైతే పైకి పోదు, సీట్ల కింద, కాళ్ల దగ్గర పేరుకుంటుంది. గాలిలో 2 శాతం దాకా చేరితే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. కారు లోపలి జాగాకి లెక్కేస్తే నూటయాభై గ్రాములు కూడా అక్కర్లేదు. 5 కిలోల్లో అదెంత? కాబట్టి రెగ్యులేటర్ తీసేసి, వాల్వ్‌కి క్యాప్ పెట్టి, సిలిండర్‌ని నిలబెట్టి తాడుతో కట్టండి. పడుకోబెడితే వాల్వ్ దగ్గరికి ద్రవం వస్తుంది, లీకు చాలా రెట్లు పెరుగుతుంది. ఓపెన్ ట్రాలీ ఆటో దొరికితే ఇంకా మంచిది. స్కూటీ మీద కాళ్ల మధ్య పెట్టుకుని పోవడం గ్యాస్ సిలిండర్స్ రూల్స్ 2016 ప్రకారం నిషేధం. దారిలో వాసన వస్తే బండి పక్కకు ఆపి, పిల్లలతో సహా అందరూ దిగి, తలుపులన్నీ తెరిచి దూరం పోవాలి. ఫోన్ అక్కడికెళ్లాకే తీయాలి. గ్యాస్ లీకు హెల్ప్‌లైన్ 1906, ఫైర్ సర్వీస్ 101.

రైల్లో అయితే అసలే వద్దు. 2023 ఆగస్టు 26న మదురై స్టేషన్‌లో, లక్నో నుంచి వచ్చిన యాత్రికుల బోగీకి నిప్పంటుకుని తొమ్మిది మంది చనిపోయారు. వాళ్లు చాయ్, టిఫిన్ కోసం సిలిండర్ వెంట తెచ్చుకున్నారు. రైల్వే చట్టం 164 సెక్షన్ కింద దీనికి మూడేళ్ల దాకా జైలుశిక్ష ఉంది.

అక్కడికి చేరాక పని సులువే. గాలి ఆడే చదునైన చోటు చూసి, రెగ్యులేటర్ బిగించి, జాయింట్ల మీద సబ్బు నురగ రాయండి. బుడగలొస్తే లీకున్నట్టే. అగ్గిపుల్లతో చూసే మొనగాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లని దగ్గరికి రానివ్వకండి. వానొచ్చిందని పొయ్యిని టెంట్‌లోకి మార్చొద్దు. మూసిన టెంట్‌లో మంట నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసనుండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

రాత్రి ఆలస్యంగా ఇంటికొస్తాం. అలసిపోయి పిల్లల్ని ఎత్తుకుని లిఫ్ట్ ఎక్కేస్తాం, సిలిండర్ డిక్కీలోనే ఉండిపోతుంది. మన ఏరియాలో పార్కింగ్ చాలాచోట్ల సెల్లార్‌లోనే. కిందికి జారే గ్యాస్‌కి అది గొయ్యి లాంటిది, బయటికి దారి లేదు. చాలా అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ కుటుంబం పడుకునేది కూడా అక్కడే. ఎంత రాత్రయినా సరే, ముందు సిలిండర్ దించి, పైకి తెచ్చి, గాలి తగిలే బాల్కనీలో నిలబెట్టండి.