మీకు తెలుసా? నూరుసార్లు కడిగితే నెయ్యే చల్లటి లేపనం!

ఎండకు మంటపుట్టే చర్మానికి ఆయుర్వేదం చెప్పిన లేపనం శతధౌత ఘృతం, అంటే నూరుసార్లు కడిగిన నెయ్యి. చరకసంహితలోనూ దీని ప్రస్తావన ఉంది.

రాగి పళ్లెంలో 2 చెంచాల ఆవునెయ్యి వేసి, కాసిని చల్లటి నీళ్లు పోసి అరచేత్తో గుండ్రంగా రుద్దాలి. ఆ నీళ్లు వంపేసి మళ్లీ కొత్తవి పోయాలి. ఇలా 100 సార్లు! చేయి లాగుతుంది, నిజమే. కానీ పసుపుపచ్చటి పూసనెయ్యి కళ్లముందే తెల్లబడి, పూస పోయి, వాసన తగ్గి, మీగడలా నున్నగా మారడం చూసి తీరాల్సిందే. సన్నటి నీటిబొట్లు కొవ్వులో చిక్కుకుంటాయి. రాసుకున్నాక అవి ఆవిరవుతుంటే ఒంటికి చల్లగా తగులుతుంది.

నీరు చేరిన నెయ్యి ఎక్కువకాలం నిలవదు, అందుకే కొద్దికొద్దిగానే చేసుకోండి. పచ్చిపుండ్లు, కాలిన బొబ్బల మీద మాత్రం రాయకండి.