కొండలలో టొమాటో కెచప్పు

మా అత్తగారు విజయనగరములో చిరకాలముగా చేయుచున్న టొమాటో కెచప్పు పద్ధతినే మేమును పట్టుకొనియున్నాము. ఆ పండ్లను ఆమె నేటికిని రామములగలనియే యందురు. అయితే ఆ పద్ధతిని అరకులోయకు తెచ్చుకొన్న మొదటి యేట మేము నింపిన పండ్రెండు సీసాలలో అయిదు పులిసిపోయినవి. ఒకదాని మూత నడిరాత్రి ఎగిరిపడి వంటయింటి గోడ యెఱ్ఱబారినది. లోపమెక్కడనో తెలియుటకు రెండేండ్లు పట్టినది. మన సోదరీమణులకు అంత నష్టము కలుగకుండుటకై ఇది వ్రాయుచున్నాము.

కెచప్పను మాట చైనా దక్షిణతీరపు చేపల ఊటనుండి వచ్చినదందురు. ఆంగ్లేయులు దానిని పుట్టగొడుగులతోను, అక్రోటుకాయలతోను చేసికొనిరి. టొమాటోలతో చేయు విధమును 1812లో ఫిలడెల్ఫియా వైద్యుడు జేమ్సు మీజు అచ్చువేయించెను. మన ఊరగాయవలె ఇదియు నిలువకొఱకు పుట్టినదే.

అరకు వారపుసంతకు గూడెముల స్త్రీలు తట్టలతో తెచ్చు పండ్లలో నాటుపండు చిన్నది, పులుపెక్కువ, రసము మెండు. కోలగానుండు సంకరజాతిపండు కండగలది. మేము రెండును చెరిసగము తీసికొందుము. పంట ముమ్మరమైనపుడు ధర పడిపోవును. కొండదిగి వచ్చినామె తట్టను తిరిగి మోయలేక వచ్చినంతకే ఇచ్చివేయును. అట్టి వేళ బేరమాడుటకు మాకు నోరు రాదు. చివికిన పండ్లను మాత్రము ఏరివేయవలెను. వానిలో పులుపు తగ్గియుండును.

మూడు కిలోల పండ్లను కడిగి తరిగి, రెండు ఉల్లిపాయలు, ఎనిమిది వెల్లుల్లి రేకలు చేర్చి, నీరు పోయకయే ఉడికించి, జల్లెడలో రుద్దవలెను. రసమును వెడల్పాటి స్టీలు గిన్నెలో మరల పొయ్యిమీద నుంచవలెను. కళాయిలేని ఇత్తడి, రాగి పాత్రలు పులుపునకు తగవు. అంగుళము దాలిచినచెక్క, ఎనిమిది లవంగములు, ఇరువది మిరియములు, నాలుగు ఎండుమిరపకాయలు పలుచని గుడ్డలో మూటగట్టి అందు వేయుదుము. మా మిరియములు ఇచ్చటి కాఫీతోటల నీడచెట్లకు ప్రాకిన తీగలవి. వాని ఘాటు వేరు! రసము సగమైన పిమ్మట 150 గ్రాముల పంచదార, రెండు చెంచాల ఉప్పు వేసి, అడుగంటకుండ కొయ్యగరిటెతో కలుపుచుండవలెను.

ఇక మా తప్పులు. అత్తగారు వెనిగరును మొదటనే పోయుదురు. మా పండ్లలో రసమెక్కువగుటచే చాలసేపు మరిగింపవలసివచ్చి, దాని పులుపు కొంత ఆవిరితోనే పోయినది. నిలువజేయునది ఆ పులుపే. నూటికి 5 పాళ్ల ఆమ్లముగల వెనిగరును 250 మిల్లీలీటర్లు ఇప్పుడు చివరనే పోసి, పదినిమిషములు మరిగించి మూట తీసివేయుదుము. పళ్లెములో వేసిన బొట్టుచుట్టును నీరు ఊరకున్నచో పాకము కుదిరినట్లే.

రెండవది మేమూహింపనిది. అరకు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. ఇచ్చట నీరు 100 డిగ్రీలు రాకుండగనే, 97 డిగ్రీలకే మరుగును. బుడగలు కనబడుచుండును గాని వేడిమి తక్కువ. వేడి సీసాలలో కెచప్పును వేడిగానే నింపి, మూతలు బిగించి, మునుగునంత మరుగునీటిలో మైదానమున 15 నిమిషములుంచినచో, ఇచ్చట 20 నిమిషములు ఉంచవలెను. మేము పదింటితోనే దింపివేసితిమి.

మూత ఉబ్బిన సీసాను రుచి చూడక పారవేయవలెను. తెరచినదానిని ఫ్రిజ్‌లో నుంచవలెను.

ఈ యేడు పండ్రెండును నిలిచినవి. రెండు విజయనగరము పంపితిమి. పంచదార యెక్కువైనదని అత్తగారు కబురుచేసిరి. మూడవ సీసాయు పంపుమనిరి.