తెరమీది పెళ్ళిచూపులు

నలభయ్యారో ఏట నాకు మళ్ళీ పెళ్ళిచూపులు జరిగాయంటే మీరు నవ్వుతారు. మా వారూ నవ్వారు. కాని ఆ రోజు నా గుండె కొట్టుకున్న తీరుకి మరో మాట తోచడంలేదు.

పద్దెనిమిదేళ్ళు నేను లెక్కలు రాసిన సంస్థను మూసేశారు. అబ్బాయికి మూడో ఏడు ఫీజు కట్టాలి. మా వారి జీతం ఇంటి అప్పుకీ, ఇంటి ఖర్చుకీ సరి. చిన్న వ్యాపారస్థులకి ఇంట్లో కూచునే జి.ఎస్.టి. లెక్కలు చూసిపెట్టవచ్చుననీ, అటువంటివాళ్ళు నెలకోసారి వీడియోలో కలుసుకుని పరిచయాలు చేసుకుంటారనీ తెలిసింది. ఎనిమిదేసి మందిని ఒక గదిలో వేస్తారు. గది అంటే తెరమీది గదే లెండి. మనిషికి రెండు నిమిషాలు. ఆ కాస్తలోనే మనమేమిటో అవతలివాళ్ళకి తెలియాలి.

మొదటిసారి నేను చేసినవన్నీ తప్పులే. గాలి వస్తుందని కిటికీకి వీపు పెట్టి కూచున్నాను. రాసుకున్న కాగితం చూసి గడగడా చదివాను. మధ్య మధ్య తెర మూలనున్న నా బొమ్మ చూసుకుని జుట్టు సర్దుకున్నాను. వెనకటికి మా నాన్నగారు ట్రంకాల్‌లో అరిచినట్టు అరిచాను కూడా. అంతా విని, "థాంక్యూ మేడమ్" అన్నారు. ఒక్కరూ నంబరు అడగలేదు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మా అక్క కూతురు హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. రోజూ నాలుగైదు గంటలు ఈ తెరముందే దానికి పని. శనివారం వచ్చి, నన్ను ఆ కుర్చీలోనే కూచోబెట్టి, పక్కగదిలోంచి వీడియోలో పిలిచి, నేను మాట్లాడినదంతా రికార్డు చేసి చూపించింది.

"ఇదేమిటే, మొహం ఇలా మాడిపోయింది?" అన్నాను.

"వెనక అంత వెలుతురుంటే కెమేరా దానికి తగ్గట్టు సర్దుకుంటుంది పిన్నీ. నీ మొహం చీకటైపోతుంది. బల్ల అటు తిప్పు, కిటికీ ఎదురుగా ఉండాలి."

బల్ల తిప్పాం. మొహానికి కళ వచ్చింది గాని, చూపు మాత్రం నేలమీదే ఉంది. నేను తెరమీద దాని మొహమే చూస్తూ మాట్లాడాను, ఒట్టు! కాని కెమేరా ఉన్నది తెర పై అంచున. అందుచేత ఏదో తప్పు చేసినదానిలా తల వంచుకున్న ఆడమనిషి కనిపించింది. అసలు పెళ్ళిచూపుల్లో మా అమ్మమ్మ "తలెత్తకే" అని తొడ మీద గిల్లింది. ఇక్కడ తల వంచుకుంటే సంబంధం తప్పిపోతుంది!

లాప్‌టాప్‌ని ఎత్తు మీద పెట్టాలన్నది. మా అత్తగారు వారపత్రికల్లోంచి సీరియళ్ళు చింపి బైండు చేయించిన సంపుటాలు అటకమీద ఉన్నాయి. నాలుగు దింపితే కెమేరా నా కళ్ళ ఎత్తుకి వచ్చింది. ఆవిడే ఉంటే నన్ను బతకనిచ్చేవారు కాదు.

అలాగని గుడ్లప్పగించి కెమేరానే చూడనక్కరలేదట. 2002లో అమెరికాలో దీన్ని పరీక్షించి చూశారు. చూపు పక్కకో పైకో తప్పితే అవతలివాళ్ళు ఇట్టే పసిగడతారు. కాస్త కిందికి దిగితే అంతగా పట్టించుకోరు. అందుకని మాట్లాడేవాళ్ళ బొమ్మను జరిపి, సరిగ్గా కెమేరా కింద పెట్టుకోమంది. మన బొమ్మ మనకి కనపడకుండా చేసే మీట కూడా ఉంది. అవతలివాళ్ళకి మామూలుగానే కనిపిస్తాం. ఈ వీడియో సమావేశాల అలసటకి నాలుగు కారణాలు చెబుతూ, గంటల తరబడి మన మొహం మనమే చూసుకోవడం ఒకటని 2021లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జెరెమీ బెయిలెన్సన్ రాశారు. అద్దం ఎదట పెట్టుకుని బేరమాడగలమా?

ఇంకొక సంగతి విని ఆశ్చర్యపోయాను. మాట ఒక సెకను ఆలస్యంగా చేరినా, వినేవాళ్ళు లైనును తప్పుపట్టరట. మనిషికే శ్రద్ధ లేదనుకుంటారట. 2014లో జర్మనీవాళ్ళు కనిపెట్టారు. అప్పటినుంచి నా మీటింగు వేళ మా ఇంట్లో సినిమాలు బంద్.

ఇవన్నీ అయ్యాక నా కాగితం అడిగి తీసుకుంది. "కష్టపడి పనిచేస్తాను, నిజాయితీగా ఉంటాను" అని రాసుకున్నవి కొట్టేసింది.

"ఇవి అందరూ చెబుతారు పిన్నీ. నువ్వు చేసిన పని ఒకటి చెప్పు."

చెప్పాను. సరుకు అమ్మినవాళ్ళు తమ రిటర్నులో బిల్లు చూపకపోతే, కొన్నవాళ్ళకి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. 2022 జనవరి నుంచి ఈ నిబంధన మరీ బిగిసింది. నెలనెలా రిటర్ను వేసేవాళ్ళకి గడువు 11వ తేదీ. అంతకుముందే నేను ఒక్కొక్కరికీ ఫోను చేసి "మా బిల్లు ఎక్కించారా?" అని అడిగేదాన్ని. ఇది చెబుతున్నంతసేపూ నా చేతులు వణకలేదు. ఆ సంగతి అదే నాకు చూపించింది.

రెండోసారి నేత చీరే కట్టుకున్నాను. కాగితం మీద మూడే మాటలు. నేను మాట్లాడుతుండగా కుక్కరు కూత వేసింది. ప్రాణం పోయినట్టయింది గాని, "మా వంటింటిదండీ, ఇంకా రెండు వేస్తుంది" అనేశాను. అందరూ నవ్వారు. రాజమండ్రిలో ఇనప సామాను కొట్టు నడిపే ఆయన మాత్రం నవ్వి ఊరుకోలేదు. "మావి కూడా బిల్లులు ఇలాగే ఆగాయండీ. మీ నంబరు ఇస్తారా?" అన్నాడు.

ఇప్పుడు మూడు కొట్ల లెక్కలు నావి. ఫీజు సగం కట్టాం. మొన్న మీటింగుకి కూచునేసరికి తెర నా గడ్డం కిందికి దిగింది. చూద్దును గదా, మా వారు ఒక సంపుటం లాక్కుని వరండాలో సీరియల్ చదువుకుంటున్నారు. ఆఖరి ప్రకరణంలో ఉన్నాను, పది నిమిషాలు ఆగమంటారు!