వస్త్రం మీద శక్తి - వస్త్రం వెనుక స్త్రీ

గుడ్డముక్కలను పొరలుగా కుట్టి, వాటి మీద ఆదిశక్తినీ భూదేవినీ చెట్లనూ నదులనూ రూపుకట్టే కళ గత యాభై ఏళ్లలో పాశ్చాత్య దేశాల్లో, ముఖ్యంగా అమెరికాలో, బాగా పెరిగింది. మంచం మీది బొంత గోడమీదికెక్కి కళాఖండమైంది. ఇంటిపనిగా చులకన చేసిన కుట్టుపనిని కళగా గుర్తించమని స్త్రీలు అడగటం న్యాయమే. ఆ ధోరణిని ఆహ్వానిస్తూనే ఒక ప్రశ్న వేసుకోక తప్పదు. గుడ్డ మీద స్త్రీని శక్తిగా కీర్తించటానికీ, ఆ గుడ్డ వెనుక పనిచేసిన స్త్రీని మనిషిగా గుర్తించటానికీ సంబంధం ఏమిటి? జవాబు వెదకటానికి అమెరికా దాకా పోనక్కర లేదు. మన శ్రీహరికోట తీరం చాలునని నా అభిప్రాయం.

శ్రీహరికోట అనగానే ఈనాడు రాకెట్లు గుర్తుకొస్తాయి. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్యనున్న ఈ ఇసుక ద్వీపానికి వేరే చరిత్ర కూడా ఉంది. సరస్సు దక్షిణపు కొసన ఉన్న పళవేర్కాడుకు 1610లో డచ్చి వర్తకులు వచ్చారు. 1613లో గెల్డ్రియా కోట కట్టుకున్నారు. వాళ్లను ఈ తీరానికి రప్పించిన సరుకుల్లో ముఖ్యమైనది మన అద్దకపు గుడ్డ. తూర్పు దీవుల్లో సుగంధద్రవ్యాలు కొనటానికి డబ్బుకంటే ఈ గుడ్డే బాగా చెల్లేది. తరువాత యూరప్ ఇళ్లకు పలంగపోషులు వెళ్లాయి. పలంగపోషు అంటే మంచం మీద పరిచే దుప్పటి. నడుమ గుట్ట మీద మొలిచిన మహావృక్షం, కొమ్మల నిండా పూలు, పిట్టలు. వాటిలో కొన్నింటికి దూది పొరవేసి కుట్టేవారు. అంటే ప్రకృతిని కీర్తించే చిత్రాల బొంత మూడు వందల ఏళ్ల క్రితమే కోరమండల్ తీరం నుంచి ఓడ ఎక్కిందన్నమాట. దాని పోటీకి తట్టుకోలేక ఫ్రాన్సు 1686లోనూ, ఇంగ్లండు 1721లోనూ అద్దకపు గుడ్డల మీద నిషేధాలు విధించాయి.

ఆ గుడ్డకు ప్రాణం ఎరుపు రంగు. దాన్ని కలంతో పూయరు, గుడ్డలోనే పుట్టిస్తారు. ముందు గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లపు నీళ్లలో పులియబెట్టి, ఆ ద్రవంతో గీతలు గీస్తారు. కరక్కాయ తగిలాకనే ఆ గీత నల్లబడుతుంది. ఎరుపు కావలసినచోట పటిక నీళ్లు రాస్తారు. అప్పటికింకా అక్కడ కంటికి రంగు కనిపించదు. గుడ్డను వేరు కషాయంలో మరగబెట్టినప్పుడు, పటిక తగిలినచోట మాత్రమే ఎరుపు నిలుస్తుంది. మిగిలినచోట పారేనీటిలో ఉతికితే పోతుంది. ఆ వేరే చిరివేరు. తీరప్రాంతపు ఇసుకనేలల్లో పెరిగే చిన్న మొక్క అది.

శ్రీహరికోట అడవిలో ఆ వేరు తవ్వినవాళ్లు యానాదులు. 1835లో ద్వీపం కుంఫిణీ ప్రభుత్వ ప్రత్యక్ష పాలన కిందికి వచ్చింది. తేనె, కుంకుడుకాయలు, చింతపండు, చిరివేరు వంటి అటవీ ఫలసాయాన్ని యానాదులు ఏరితెచ్చేవారు. సరుకు సర్కారుది, శ్రమ వాళ్లది, ప్రతిఫలం గింజలు. వేళ్లు తవ్వటం, కాయలు ఏరటం మగవాళ్లు ఒంటరిగా చేసే పని కాదు. ఆడవాళ్ల చేతులు ఆ పనిలో ఎప్పుడూ ఉన్నాయి. ఏ పలంగపోషు మీదా వాళ్ల పేరు లేదు, బొమ్మా లేదు.

1868లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞులు ఆ ఎరుపుకు మూలమైన అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. కొద్ది ఏళ్లలోనే వేరు తవ్వకానికి గిరాకీ పోయింది. 1969లో శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి ఎంపికయింది. 1971లో తొలి రోహిణి రాకెట్ ఎగిరింది. ఆ విజయం గర్వించదగినదే. కాని అడవినే ఇల్లుగా చేసుకున్న యానాదులకు ఆ అడవి మీది స్వేచ్ఛ పోయిందన్న నిజాన్ని ఆ గర్వం కప్పిపెట్టకూడదు.

2022 నుంచి శ్రీహరికోటా శ్రీకాళహస్తీ ఒకే తిరుపతి జిల్లాలో ఉన్నాయి. కలంతో వేసే కలంకారీకి కాళహస్తి పుట్టినిల్లు. అడుగంటిన ఆ విద్యను నిలబెట్టటానికి కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో 1950ల చివర అక్కడ శిక్షణ కేంద్రం వెలిసింది. ఈ సంప్రదాయానికి చెందిన జొన్నలగడ్డ గురప్పచెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. అందులో దేవుళ్లకు నీలం, స్త్రీమూర్తులకు పసుపు, రాక్షసులకు ఎరుపు, ఆకుపచ్చ. దేవీమూర్తులు కొల్లలు. ఒకప్పుడు మగవాళ్ల చేతిలో ఉన్న ఆ కలాన్ని నేడు స్త్రీలు పెద్దసంఖ్యలో పట్టారు. ఇది నిజమైన ముందడుగు. అయితే వాళ్లలో చాలామంది మరొకరు గీసిన బొమ్మకు రంగులు నింపే కూలీలుగానే మిగిలారు. యంత్రం మీద అచ్చువేసిన నకలు బజారులో చవగ్గా దొరుకుతుంది. గుడ్డ ఉతకటానికి పారేనీరు కావాలి, స్వర్ణముఖి ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి ఉంటుంది. ప్రకృతిమాతను గుడ్డ మీద నిలుపుతున్నాం, ఏటిలో మాత్రం ఇసుకే మిగిల్చాం.

దేవత బొమ్మలన్నీ బూటకమని నేను అనటం లేదు. గుజరాత్‌లో గుడి గడప తొక్కనివ్వని వాఘరి కులస్థులు అమ్మవారిని గుడ్డ మీద వేసుకుని, ఆ గుడ్డనే గుడి చేసుకున్నారు. 'మాతా నీ పచేడి' అలా పుట్టింది. జార్జియాలో బానిసగా పుట్టిన హారియట్ పవర్స్ బైబిలు కథలతో కుట్టిన బొంత 1886లో ప్రదర్శనకెక్కింది. కొన్నేళ్లకు పేదరికం ఆమెచేత దాన్ని అయిదు డాలర్లకు అమ్మించింది. అయినా ప్రతి బొమ్మకూ అర్థం ఆమే చెప్పి రాయించింది. ఈనాడు ఆ బొంత పక్కన ఆమె పేరుంది. ఈ రెండుచోట్లా పురాణం అణగారినవాళ్ల నోరయింది. మన సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి తలుపులు వేయరు, రేయింబవళ్లు దర్శనమే. ఎవరికీ తలుపు మూయని అమ్మ అన్న ఊహలో జనం కోరిక ఉంది.

అందుచేత శక్తిని చిత్రించిన వస్త్రాన్ని తూచేటప్పుడు, దేవి ఎంత తేజస్సుతో ఉందన్నది ఒక్కటే కొలత కారాదు. దాని మీద చేసినవారి పేరుందా? ధరలో వాళ్ల వాటా ఎంత? రంగునిచ్చిన నేలా నీరూ ఎవరి అధీనంలో ఉన్నాయి? అందులో ఆమె తన కథ చెప్పుకుందా, కొనేవాడు కోరిన కథే నింపిందా? మన అవ్వలు పాత చీరలు కలిపి కుట్టిన బొంతల మీద ఏ దేవతా లేదు. అయినా వాటిలో శక్తి ఉంది, ఎందుకంటే ఆ కుట్టు వాళ్లది, ఎంచుకున్న ముక్కలూ వాళ్లవే. స్త్రీని అమ్మవారిని చేసి పీఠమెక్కించటం సులువు. ఆమె కూలి పెంచటం, ఆమె పేరు గుడ్డ అంచున రాయటం కష్టం. అభ్యుదయ విమర్శ పట్టుబట్టవలసింది ఈ కష్టమైన పనికోసమే.