వార్తల్లో పదం: పీఆర్‌యూ

బీగల్‌బోన్ బ్లాక్ అరచేతిలో ఇమిడే లినక్స్ కంప్యూటర్, 2013లో వచ్చింది. దాని ఏఎం335ఎక్స్ చిప్‌లోనే అనలాగ్ వోల్టేజీని అంకెలుగా మార్చే 12 బిట్ల ఏడీసీ ఉంది. బయటి పిన్నులకు ఏడు చానెళ్లు అందుతాయి. సెకనుకు 2 లక్షల కొలతలు దాని సామర్థ్యం.

మరి మామూలు ప్రోగ్రామ్‌కి అందులో చిన్న భాగమే ఎందుకు దక్కుతుంది? లినక్స్ ప్రతి సెన్సర్ రీడింగునూ ఒక ఫైలుగా చూపిస్తుంది. చదివిన ప్రతిసారీ లినక్స్ కేంద్ర భాగమైన కెర్నెల్‌ను పిలవాలి, కొలత పూర్తయ్యేదాకా ఆగాలి, వచ్చిన అంకెను అక్షరాలుగా మార్చాలి. మధ్యలో వేరే పని తగిలితే ప్రాసెసర్ అటు మళ్లుతుంది. గది ఉష్ణోగ్రతకు ఇది చాలు. మోటారు కంపనాలకు చాలదు. కొలతల మధ్య వ్యవధి సమానంగా లేకపోతే తరంగం రూపమే మారిపోతుంది.

అక్కడ అక్కరకొచ్చేదే ప్రోగ్రామబుల్ రియల్‌టైమ్ యూనిట్, అంటే పీఆర్‌యూ. అదే చిప్‌లో 200 మెగాహెర్ట్జ్‌తో నడిచే రెండు చిన్న కోర్లివి. లినక్స్ జోక్యం లేకుండా చాలా ఆదేశాలను ఒక్కోటి 5 నానోసెకన్లలో ముగిస్తాయి. ఇవి లయ తప్పకుండా ఏడీసీని చదివి ఉమ్మడి మెమరీలో పేరిస్తే, లినక్స్ తీరిక చూసుకుని గంపగుత్తగా తీసుకుంటుంది. అంత కచ్చితత్వం అక్కర్లేనివారు ముందు కొలతలను గుంపుగా అందించే, కెర్నెల్‌లోని ఐఐఓ బఫర్‌ను ప్రయత్నించడం మంచిది.

ఒక్క జాగ్రత్త: ఈ అనలాగ్ పిన్నులకు పరిమితి 1.8 వోల్టులు. 3.3 వోల్టుల సెన్సర్‌ను నేరుగా కలిపితే చిప్ దెబ్బతినే ప్రమాదముంది; రెండు రెసిస్టర్లతో వోల్టేజీ తగ్గించి ఇవ్వాలి.